చెలకలో చిట్టెం, డాబా మీద ధూళి: ఉల్కాశిలల వెతుకులాట, ప్రాజెక్టు డైరీ

హనుమకొండ చుట్టుపక్కల ఉల్కాశిలల (ఆకాశం నుంచి నేల మీద పడిన రాళ్ళ) కోసం 2023 డిసెంబర్ నుంచి నేను చేస్తున్న పనికి ఇది లెక్క. ఇప్పటివరకు ఏరి ఇంటికి తెచ్చిన రాళ్ళు 41. వాటిలో ఉల్కాశిల అని ధైర్యంగా చెప్పగలిగినది ఒక్కటీ లేదు. ఆ 41 రాళ్ళు నన్ను ఏయే విధాలుగా మోసగించాయో, ఏ కొలత ఎక్కడ తప్పిందో, ఏ పద్ధతిని ఎందుకు మార్చుకున్నానో తేదీల వారీగా రాసుకున్న పుస్తకం నుంచి దీన్ని తీసి రాస్తున్నాను. ఉత్తర తెలంగాణలో ఇదే పని మొదలుపెట్టేవారికి నా మొదటి ఆరు నెలలు ఆదా అయితే చాలు. నేను జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. భూగర్భశాస్త్రంలో నాకు చదువు లేదు.

దశ 1: పనిముట్లు (డిసెంబర్ 2023)

కొన్నవి ఇవి: ఒక కిలో వరకు 0.1 గ్రాము తేడాతో చూపే తూకం మిషన్ (780 రూపాయలు), గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే పది రెట్ల కటకం (150), చిన్న అయస్కాంతాలు (40), జిప్ కవర్లు, నోటు పుస్తకం (110). పాత స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతాన్ని చేతికర్ర చివర బిగించాను. గీత పరీక్షకు, అంటే రాయిని రుద్ది పడే గీత రంగు చూడటానికి, స్నానాల గదిలో మిగిలిపోయిన టైలు వెనుక భాగం పనికొచ్చింది.

మొత్తం ఖర్చు: 1,080 రూపాయలు.

ఈ జాబితాలో ఒక తప్పు ఉంది. కర్రకు బిగించిన బలమైన అయస్కాంతాన్ని నేను రెండు నెలలు వాడాను, ఆ తర్వాత తీసేశాను. ఉల్కాశిలలో అది పుట్టిన కాలం నాటి అయస్కాంత గుర్తులు మిగిలి ఉండవచ్చు. బలమైన అయస్కాంతం తగిలితే అవి శాశ్వతంగా చెరిగిపోతాయి. శాస్త్రజ్ఞులు ఆ గుర్తుల నుంచే సౌరమండలపు తొలినాళ్ళ గురించి తెలుసుకుంటారు. అందువల్ల ఇప్పుడు బలహీనమైన చిన్న అయస్కాంతాన్ని దారానికి వేలాడదీసి, రాయికి అంగుళం దూరంలో పట్టుకుని, అది రాయివైపు ఒరుగుతుందా లేదా అన్నంతవరకే చూస్తున్నాను. రాయికి తాకించడం లేదు.

దశ 2: మొదటి విడత గాలింపు (జనవరి, ఫిబ్రవరి 2024)

వరంగల్ నేల ఎక్కువగా గ్రానైటు మీద ఉంది. ఎర్రటి చెలక నేలలో, లేత రంగు రాళ్ళ మధ్య నల్లరాయి ఒకటి ఉంటే దూరం నుంచే కనబడుతుందని లెక్క వేసుకున్నాను. నల్లరేగడిని మొదటే పక్కన పెట్టాను. ఎండాకాలంలో అది నోళ్ళు తెరుస్తుంది, రాయి పగుళ్ళలోకి జారిపోతుంది. మట్టి పెళ్ళకూ రాయికీ రంగులో తేడా తెలియదు. ధర్మసాగర్ వైపు రెండు చోట్లు, హుజూరాబాద్ దారిలో ఒక చోటు ఎంచుకున్నాను. ములుగు వైపు కూడా అనుకున్నాను కానీ ఫిబ్రవరిలో మేడారం జాతర ఉండటం వల్ల ఆ దారి మానుకున్నాను.

గాలింపు ఇలా సాగింది:

1. రైతును అడిగి, పంట లేని చెలకలోకే దిగడం.
2. సాళ్ళ వెంబడి నాలుగు మీటర్ల వెడల్పు పట్టీలుగా నడవడం. నేను, మా బావమరిది చెరొక పట్టీ.
3. చుట్టూ ఉన్న రాళ్ళకు భిన్నంగా కనిపించిన ప్రతి నల్లరాయి, గోధుమరంగు రాయి దగ్గర అయస్కాంతం పెట్టి చూడటం.
4. అతుక్కుంటే లేదా లాగితే చోటును ఫోనులో గుర్తించి, ఫొటో తీసి, కవరులో వేసి సంఖ్య రాయడం.

మూడో మెట్టులోనే అసలు పొరపాటు దాగి ఉంది. దాని సంగతి దశ 5లో చెబుతాను.

ఆరు ఉదయాలలో నడిచినది 31 కిలోమీటర్లు, తెచ్చిన రాళ్ళు 26. వీటిలో పద్నాలుగు రాళ్ళు హుజూరాబాద్ దారిలోని ఒకే ఊరి చెలకలో, ఒక పాత మిట్ట చుట్టూ వంద అడుగుల లోపల దొరికాయి. నలుపు, బరువు, అయస్కాంతం లాగడం, పైన కరిగినట్టున్న మెరుపు, అక్కడక్కడ వేలితో నొక్కినట్టు గుంటలు, అన్నీ ఉన్నాయి. ఆకాశంలో పగిలిన ఒకే ఉల్క ముక్కలన్నీ ఒకచోట పడ్డాయేమోనన్న ఊహతో ఆ రాత్రి పద్నాలుగింటినీ వరుసగా పేర్చి తూకాలు రాశాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళినప్పుడు, ఆ ఊరి కమ్మరి పెద్దాయన ఒకరు నా చేతిలోని 12వ రాయిని తీసుకుని, బొటనవేలితో ఒకసారి రుద్ది తిరిగి ఇచ్చారు.

"సారూ, గిది చిట్టెం. ఆకాశంకెల్లి పడ్డది కాదు, మా తాతల కొలిమిలకెల్లి వచ్చింది" అన్నారు.

ఉత్తర తెలంగాణలో ఉల్కాశిలలు వెతికే ఎవరైనా మొదట నేర్చుకోవలసినది చిట్టెం గురించే. పాత నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో ఊరూరా ఇనుము తీశారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా వెళ్ళి డమాస్కస్ కత్తులయింది. ఖనిజం నుంచి ఇనుము వేరైనప్పుడు మిగిలిన మలినం కరిగి, గడ్డకట్టి, ఆ కొలిముల పక్కనే గుట్టలుగా పడి ఉంది. తరతరాల దున్నకంలో అది చెలకలంతా పరచుకుంది. ఆ మాట విన్నాక కూడా నేను వెంటనే ఒప్పుకోలేదు. కొలత చెప్పేదాకా ఆగాలనుకున్నాను.

దశ 3: సాంద్రత (మార్చి 2024)

పోల్చుకోవడానికి పెట్టుకున్న అంకెలు, ఘన సెంటీమీటరుకు గ్రాములలో: గ్రానైటు 2.6 నుంచి 2.7, డోలరైటు, అంటే రామప్ప గుడిలో శిల్పాలు చెక్కిన నల్లరాయి, 2.9 నుంచి 3.0, ఉల్కాశిలల్లో అన్నిటికన్నా ఎక్కువగా పడే సాధారణ కాండ్రైటు దాదాపు 3.2 నుంచి 3.8; ఇనుప ఉల్క 7.8 దగ్గర, అయస్కాంతం లాగే ఇనుప ఖనిజం మాగ్నటైటు 5.2.

మొదట కొలపాత్రలో నీళ్ళు పోసి, రాయి వేసి, నీరు ఎంత పెరిగిందో చూశాను. 3వ రాయి బరువు 147.2 గ్రాములు. మూడుసార్లు చూస్తే నీటి పెరుగుదల 56, 47, 52 మిల్లీలీటర్లుగా కనిపించింది. సాంద్రత 2.63, 3.13, 2.83 అని వచ్చింది. ఒకే రాయి ఒకసారి గ్రానైటుగా, ఇంకొకసారి దాదాపు కాండ్రైటుగా తేలింది. వెడల్పు పాత్రలో గీతల మధ్య నీటి మట్టాన్ని కంటితో అంచనా వేయడమే లోపం.

దాని బదులు వేలాడదీసే పద్ధతికి మారాను:

1. పొడి రాయిని తూచి రాసుకోవాలి.
2. ప్లాస్టిక్ మగ్గులో ముప్పాతిక వంతు నీళ్ళు పోసి, తూకం మీద పెట్టి, సున్నా నొక్కాలి.
3. రాయిని సన్నని దారంతో కట్టి, మగ్గు అడుగుకు, అంచులకు తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోవాలి.
4. తూకం చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో.
5. పొడి బరువును ఆ అంకెతో భాగించాలి.

అదే 3వ రాయికి ఈసారి 49.9, 49.7, 49.8 వచ్చాయి. సాంద్రత 2.95, 2.96, 2.96. ఇది డోలరైటు.

చేయి వణికితే అంకె నిలవదు. దారాన్ని కుర్చీ వెన్నుకు అడ్డంగా పెట్టిన స్కేలు నుంచి వేలాడదీశాక ఆ బాధ తప్పింది. రాయికి అంటుకున్న గాలి బుడగలను కుంచెతో తుడవకపోతే ఘనపరిమాణం ఎక్కువగా, సాంద్రత తక్కువగా వస్తుంది. ఎండాకాలంలో మా నీళ్ళు 36 డిగ్రీల దగ్గర ఉంటాయి. అప్పుడు నీటి సాంద్రత 0.994 మాత్రమే కాబట్టి 2.96 నిజానికి 2.94 అవుతుంది. ఈ తేడా రాయిని గుర్తించడంలో ఏమీ మార్చదు, అందుకే దిద్దుబాటు చేయలేదు. రెండు రాళ్ళు కిలో దాటడం వల్ల వాటిని కిరాణా దుకాణం తూకంలో తూచవలసి వచ్చింది, వాటి అంకెల మీద నాకు అంత నమ్మకం లేదు.

నిజంగా అనుమానం ఉన్న రాయిని నీళ్ళలో ముంచకూడదని తర్వాత తెలుసుకున్నాను. ఉల్కాశిలలోని లోహం నీళ్ళకు తుప్పు పడుతుంది, నీరు సన్నని పగుళ్ళలోకి చేరి బయటికి రాదు. దానికి ఇంట్లో దొరికే ఉపాయం ఆవాలు. ఒక గాజు గ్లాసును ఆవాలతో నింపి, స్కేలుతో మట్టం చేసి తూచాలి. రాయిని అందులో పెట్టి, చుట్టూ ఆవాలు నింపి మళ్ళీ మట్టం చేసి తూచి, అందులోంచి రాయి బరువు తీసేయాలి. తగ్గిన ఆవాల బరువును బట్టి ఘనపరిమాణం తెలుస్తుంది. గ్లాసును ప్రతిసారి ఒకే విధంగా, పదిసార్లు నేలకు తట్టాలి. మొదట ఈ నియమం పెట్టుకోక పది శాతం దాకా తేడాలు చూశాను. గాజు గోలీలతో సరిచూసుకున్నాక నా పొరపాటు నాలుగు శాతానికి దిగింది.

ఇక 12వ రాయి. బరువు 286.3 గ్రాములు, ఘనపరిమాణం 81.6. సాంద్రత 3.51. సరిగ్గా కాండ్రైటు నడుమ పడింది.

మొత్తం ఖర్చు (మగ్గుతో కలిపి): 1,140 రూపాయలు. కొలిచిన రాళ్ళు 26. సాంద్రత ఒక్కటే చూస్తే కాండ్రైటు హద్దుల్లోకి వచ్చినవి 9.

దశ 4: కిటికీ తెరవడం, నికెల్ పరీక్ష (ఏప్రిల్ 2024)

రాయి లోపలిని చూడటానికి ఒక మూలను గోరంత మేర నున్నగా అరగదీయడాన్ని కిటికీ తెరవడం అంటాను. మొదటి కిటికీని మా వీధిలోని వెల్డింగ్ షాపులో గ్రైండరుతో తెరిపించాను. రెండు నిమిషాల్లో పని అయిపోయింది, ఆ నున్నటి ముఖం మీద వెండి చుక్కలు మెరిశాయి. కటకంతో చూస్తే ఆ మెరుపులు చుక్కలు కావు, ఒకే దిక్కుకు సాగిన గీతలు. అప్పటివరకు గేట్లు, రెయిలింగులు కోసిన చక్రం తన ఒంటికి అంటిన లోహాన్ని నా రాయికి పూసింది. ఆ రాయిని పరీక్షల నుంచి తీసేశాను.

తర్వాత నుంచి పెయింటర్లు వాడే వాటర్ పేపర్ మీద, చేత్తోనే, 120 నుంచి మొదలుపెట్టి 220, 400, 1000 వరకు అరగదీస్తున్నాను. ఒక్కొక్క రాయికి నలభై నిమిషాలు పడుతుంది. ఉల్కాశిల కావచ్చన్న రాయిని నీళ్ళతో కాకుండా పొడిగానే అరగదీయాలి. ముక్కుకు మాస్కు తప్పనిసరి.

12వ రాయిని ఆ విధంగా అరగదీసిన రోజు పుస్తకంలో రాసుకున్నది ఇది: నల్లటి, కాస్త పచ్చదనం కలిసిన నేల. దాని మీద సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉన్నాయి. నువ్వుగింజ నుంచి గసగసాల గింజ దాకా ఉన్న గుండ్రని రంధ్రాలు. కొన్నిటి లోపలి గోడ గాజులా మెరుస్తోంది. రెండు రంధ్రాల నడుమ ఆవగింజలో నాలుగో వంతు ఉన్న ఒక లోహపు బొట్టు, పాదరసపు బిందువులా గుండ్రంగా.

లోహం నిజంగానే ఉంది. అందుకే అది ఇంకా మోసం చేస్తుంది. చిట్టెంలో చిక్కుకుపోయిన ఇనుము కరిగిన స్థితిలో బొట్టుగా మారి గడ్డకడుతుంది. అందువల్ల గుండ్రంగా, గాలి రంధ్రాల పక్కన ఉంటుంది. కాండ్రైటులో లోహపు రేణువులు వంకరటింకరగా, చిరిగిన అంచులతో, కాండ్రూల్స్ అనే చిన్న రాతి గుండ్ల మధ్య ఖాళీల్లో చెదిరి ఉంటాయి. ఉల్కాశిల లోపల గాలి రంధ్రాలు ఉండటం చాలా అరుదు. ఈ మూడు తేడాలు కళ్ళకు అలవాటయ్యాక చిట్టెంను గుర్తించడానికి తూకం కూడా అవసరం లేకపోయింది.

అయినా నాకు తెలిసిన శాస్త్రం రసాయనం కాబట్టి నికెల్ కూడా చూడాలనుకున్నాను. ఉల్కలలోని లోహంలో నికెల్ తప్పకుండా ఉంటుంది, సాధారణంగా ఐదు శాతానికి పైనే. కొలిమిలో తీసిన ఇనుములో చెప్పుకోదగినంత ఉండదు. డైమిథైల్ గ్లయాక్సిమ్ అనే కారకం తగిలితే నికెల్ గులాబీ ఎరుపు అవక్షేపంగా (కరగక అడుగుకు చేరే ముద్దగా) దిగుతుంది. పిల్లలకు ప్రతి ఏడాదీ చేసి చూపే పరీక్ష ఇది. అయినా రెండుసార్లు తప్పాను.

మొదటిసారి ద్రావణం ఎర్రబడింది, కానీ అవక్షేపం దిగలేదు. ఫెర్రస్ ఇనుము (తక్కువ ఆక్సీకరణ చెందిన రూపం; ఎక్కువ చెందినది ఫెర్రిక్) కూడా అమ్మోనియా సమక్షంలో ఇదే కారకంతో ఎరుపు రంగు ఇస్తుంది. తేడా ఏమిటంటే అది ద్రావణంలోనే కలిసి ఉంటుంది. ఇనుమును ముందుగా ఫెర్రిక్‌గా మార్చకపోవడం నా తప్పు.

రెండోసారి నిజమైన గులాబీ అవక్షేపమే దిగింది. ఆ సాయంత్రం నేను నిద్రపోలేదు. తెల్లవారి, ప్రతి పాత్రను విడిగా పరీక్షిస్తే రాయి లేకుండానే గులాబీ వచ్చింది. రాతిపొడిని ఆమ్లంలో నానబెట్టినది వంటింటి స్టీలు గిన్నెలో. స్టెయిన్‌లెస్ స్టీలులో నికెల్ ఉంటుంది.

మూడోసారి పాటించిన క్రమం, ఇప్పటికీ పాటిస్తున్నది:

1. గాజు పరీక్షనాళికలో చిటికెడు లోహపు పొడి, రెండు మిల్లీలీటర్ల సజల హైడ్రోక్లోరికామ్లం, మెల్లగా వేడి.
2. మూడు చుక్కల హైడ్రోజన్ పెరాక్సైడ్. ద్రావణం పసుపు రంగుకు వచ్చాక బుడగలు ఆగేవరకు మరిగించడం.
3. కాస్త నిమ్మ ఉప్పు. ఇది ఇనుమును పట్టి ఉంచుతుంది, లేకపోతే తర్వాతి మెట్టులో గోధుమరంగు ముద్ద దిగి అన్నిటినీ కప్పేస్తుంది.
4. ఎర్ర లిట్మస్ నీలంగా మారేవరకు చుక్కచుక్కగా అమ్మోనియా.
5. ఆల్కహాలులో కలిపిన ఒక శాతం డైమిథైల్ గ్లయాక్సిమ్ ఐదు చుక్కలు. పది నిమిషాలు ఆగడం.
6. ప్రతిసారీ పక్కన రెండు నాళికలు: ఒకదాంట్లో ఇనుప మేకు పొడి (గులాబీ రాకూడదు), ఇంకొకదాంట్లో ఆ స్టీలు గిన్నెనే అరగదీసిన పొడి (గులాబీ రావాలి).

చేతి తొడుగులు, కళ్ళద్దాలు, గదికి గాలి వచ్చేలా తెరిచిన కిటికీ లేకుండా, ఇంట్లో పిల్లలు ఉన్నప్పుడు ఈ పని చేయకూడదు. దగ్గరలో కళాశాల ప్రయోగశాల ఉంటే అక్కడి అధ్యాపకుల్ని అడిగి చేయించుకోవడమే మేలు.

12వ రాయి: మేకులాగే, గులాబీ లేదు. మిగిలిన పదమూడూ అంతే. పెద్దాయన బొటనవేలు ఒక్క క్షణంలో చెప్పినది తేల్చుకోవడానికి నాకు పది వారాలు పట్టింది.

మొత్తం ఖర్చు: 1,720 రూపాయలు (వాటర్ పేపర్ 100, కారకం 420, పెరాక్సైడ్ 40, నిమ్మ ఉప్పు 20, ఆమ్లం, అమ్మోనియా అనుమతితో ప్రయోగశాలవి).

మొదటి 26 రాళ్ళ లెక్క: చిట్టెం 14, ఇనుము ఎక్కువగా ఉన్న లేటరైటు గడ్డలు 5, డోలరైటు 3, మాగ్నటైటు చారలున్న రాయి 2, ట్రాక్టరు నాగలి ఇనుప ముక్కలు 2. లేటరైటుకు టైలు మీద గీతే చాలింది: ఎర్రటి గోధుమ గీత పడింది. ఉల్కాశిల సాధారణంగా గీత పడనీయదు. మాగ్నటైటు రాళ్ళు నల్లగీత పెట్టాయి.

దశ 5: పద్ధతి మార్పు, రెండో విడత (మే 2024)

ఈ అంకెలను ముందుపెట్టుకుని కూర్చున్నప్పుడు ఒక సంగతి స్పష్టమయింది. అయస్కాంతానికి లొంగినదాన్నే ఏరాను కాబట్టి, అయస్కాంతానికి లొంగేవే నా సంచిలోకి వచ్చాయి. ఇందులో వింత లేదు. కానీ అయస్కాంతానికి లొంగని ఉల్కాశిల నా కాలి కింద ఉన్నా దాటిపోయి ఉండేవాణ్ణి.

ఇది ఊహ కాదు. 1997 డిసెంబర్ 13న అప్పటి కృష్ణా జిల్లా విస్సన్నపేటలో సుమారు 1.3 కిలోల ఉల్కాశిల పడింది. అది యూక్రైటు అనే జాతిది. వెస్టా అనే గ్రహశకలం మీద గడ్డకట్టిన లావా నుంచి ఈ జాతి వచ్చిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. యూక్రైటులలో లోహం దాదాపు ఉండదు. వాటి సాంద్రత 2.9 దగ్గర, అంటే మన డోలరైటుతో సమానం. తెలుగు నేల మీద పడిన ఆ రాయిని నా మొదటి పద్ధతి ప్రకారం పరీక్షిస్తే అయస్కాంతం దగ్గరే పారేసి ఉండేవాణ్ణి. పారేయకపోయినా సాంద్రత చూసి డోలరైటు అని రాసి ఉండేవాణ్ణి. పరీక్షలో నెగ్గలేదని రాయిని వదిలేసేముందు, ఆ పరీక్ష ఏ జాతిని పట్టడానికి పెట్టినదో చూడాలి.

యూక్రైటును డోలరైటు నుంచి బయట ఉండగానే వేరుచేసేది పైపెంకు. గాలిలోకి దూసుకువచ్చేటప్పుడు కరిగి, గడ్డకట్టిన పొర అది. మందం మిల్లీమీటరు కన్నా తక్కువ. విరిగిన చోట చూస్తే నల్లగీత గీసి ఆపినట్టు, లోపలి లేత రాయి దగ్గర ఒక్కసారిగా ముగుస్తుంది. డోలరైటుకు ఎండవానలకు పట్టే గోధుమ తొక్క అలా ఉండదు. కొన్ని మిల్లీమీటర్ల మేర మెల్లమెల్లగా లోపలి రంగులో కలిసిపోతుంది.

కొత్త నియమాలు:

1. మొదట తొక్క. విరిగిన అంచు దొరికితే దాన్ని కటకంతో చూడాలి.
2. తర్వాత ఆకారం: గాలి రంధ్రాలుంటే పక్కన పెట్టాలి.
3. అయస్కాంతం మూడోది. అది రాయిని ఒప్పుకోవడానికి సాక్ష్యం కాదు, తీసేయడానికి కారణమూ కాదు; ఒక గమనిక మాత్రమే.
4. ఒక ఊరికి వెళ్ళగానే ఆ ఊరి మామూలు రాళ్ళు ఐదింటిని ఏరి పోలికకు దగ్గర పెట్టుకోవాలి.
5. కమ్మరి ఇల్లు ఉందా, ఇటుక బట్టీ ఉందా అని ముందే అడగాలి.

యాసంగి కోతల తర్వాత, ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపల, మరో 38 కిలోమీటర్లు నడిచాను. ఈసారి 15 రాళ్ళే తెచ్చాను: డోలరైటు 8, చిట్టెం 3, లేటరైటు 1, మాగ్నటైటు చారల రాయి 1, మరి రెండు. ఆ రెండింటిలో 37వది నన్ను చాలా కలవరపెట్టింది. బరువు 128.4, సాంద్రత 2.92, ఒకవైపు సన్నని నల్లటి మెరుపు పొర, అంచు దగ్గర స్పష్టంగా ముగిసింది. పొర ఒకవైపే ఎందుకు ఉందన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెనక్కి వెళితే, దొరికిన చోటుకు రెండు వందల అడుగుల దూరంలో పాత ఇటుక బట్టీ గోడ బయటపడింది. మంటవైపు ఉన్న ముఖం కరిగింది, అంతే. ఐదో నియమం ఆ రోజే చేర్చాను.

40వ రాయి ఇప్పటికీ తేలలేదు. లేత బూడిద రంగు లోపలిది, సన్నని నల్లపొర సగం మేర, రంధ్రాలు లేవు, అయస్కాంతం దాదాపు లాగదు, ఆవాలతో చూసిన సాంద్రత 2.9. దాన్ని నీళ్ళలో ముంచలేదు, కిటికీ తెరవలేదు. మూలను అరగదీసే హక్కు ఇప్పుడు నాది కాదనిపించింది.

మొత్తం: నడక 69 కిలోమీటర్లు, రాళ్ళు 41. చిట్టెం 17, డోలరైటు 11, లేటరైటు 6, మాగ్నటైటు రాయి 3, నాగలి ఇనుము 2, బట్టీ రాయి 1, తేలనిది 1.

దశ 6: చెలక నుంచి డాబాకు (నవంబర్ 2024 – జూన్ 2025)

ఎడారుల్లో, అంటార్కిటికా మంచులో ఉల్కాశిలలు ఎక్కువగా దొరకడానికి కారణం అవి అక్కడ ఎక్కువగా పడటం కాదు. పొడి వాతావరణంలో అవి ఎక్కువ కాలం చెడకుండా ఉంటాయి, లేత నేల మీద సులువుగా కనిపిస్తాయి. మనకు ప్రతి వానాకాలం లోహాన్ని తింటుంది. పాతవి చెడిపోతే కొత్తగా పడేవి వెతకాలి. కొత్తగా, ప్రతిరోజూ పడేది ఉల్కాధూళి: మిల్లీమీటరులో పదో వంతు పరిమాణం ఉన్న, ఎక్కువగా గాలిలో కరిగి గుండ్రంగా గడ్డకట్టిన రేణువులు. ఏడాదికి చదరపు మీటరుకు దాదాపు ఒకటి పడుతుందని అంచనా. నార్వేకు చెందిన యాన్ లార్సెన్, బ్రిటన్ శాస్త్రజ్ఞుడు మాథ్యూ గెంజ్ కలిసి ఓస్లో, పారిస్, బెర్లిన్ నగరాల ఇంటి కప్పుల నుంచి తీసిన 300 కిలోల మడ్డిలో 500 ఉల్కారేణువులను గుర్తించి 2017లో ప్రకటించారు. అంతకుముందు నగర ధూళిలో వాటిని గుర్తించడం సాధ్యం కాదనే ఎక్కువమంది అనుకునేవారు.

మా డాబా 9 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, చుట్టూ పిట్టగోడ.

మొదటి ఊడ్పు నవంబర్ 2024లో చేశాను. అది తప్పుడు సమయం. దీపావళి అక్టోబర్ 31న అయిపోయింది. టపాసులు, కాకరపువ్వొత్తులు కాలినప్పుడు కరిగిన లోహం గుండ్రని బొట్లుగా గడ్డకట్టి డాబా నిండా పడింది. కాసేపట్లోనే 600 గుండ్లు లెక్కపెట్టి ఆపేశాను. ఆ ధూళి మొత్తాన్ని పారబోసి, 2025 జనవరి 10న డాబాను నీళ్ళతో కడిగి సున్నా నుంచి మొదలుపెట్టాను. మే 31న, తొలకరికి ముందు, రెండోసారి ఊడ్చాను. లెక్క ప్రకారం ఈ కాలంలో పడవలసినవి 28 నుంచి 30 రేణువులు. గాలికి, మధ్యలో పడిన వానలకు ఎన్ని పోయాయో తెలిసే దారి లేదు.

1. ఎండిన ధూళి: 1,900 గ్రాములు.
2. బకెట్‌లో సబ్బునీళ్ళతో కలిపి, తేలినవి వంచేసి, నీళ్ళు తేటపడేవరకు కడిగాక: 640 గ్రాములు.
3. మైదా జల్లెడలో జారి, పలుచని నైలాన్ గుడ్డ మీద నిలిచినది: 95 గ్రాములు.
4. ప్లాస్టిక్ కవరులో చుట్టిన అయస్కాంతానికి అంటుకున్నది: 3.1 గ్రాములు.
5. తెల్లకాగితం మీద వాలుగా పోసి, దొర్లినవి: 96 గుండ్లు.

ఇక్కడ బలమైన అయస్కాంతమే వాడాను. పదో వంతు మిల్లీమీటరు రేణువులను ధూళి నుంచి వేరుచేయడానికి వేరే దారి నాకు దొరకలేదు. లోహం లేని గాజు రేణువులు ఈ మెట్టులో పోతాయని తెలిసే చేశాను.

కంప్యూటరుకు తగిలించే సూక్ష్మదర్శినిని 1,900 రూపాయలకు కొన్నాను. డబ్బా మీద ఉన్న రెట్ల సంఖ్యను నమ్మకూడదు. స్టీలు స్కేలు గీతలను ఫొటో తీసి, తెర మీద కొలిచి, నేనే లెక్క కట్టుకున్నాను. గుండు ఉందని చూడటానికి అది చాలుతుంది, ఉపరితలం చూడటానికి చాలదు. కళాశాల వృక్షశాస్త్ర ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినిని అడిగి, వెలుగు కింద నుంచి కాకుండా పైనుంచి పడేలా రెండు వైపులా చిన్న ఎల్‌ఈడీలు అమర్చాక పని కుదిరింది.

96లో 71 నున్నగా, నల్లగా, అద్దంలా మెరిసేవి. కొన్నిటికి తోక ఉంది, కొన్ని పగిలి లోపల డొల్లగా కనిపించాయి. వీటిని వెల్డింగ్, గ్రైండరు నిప్పురవ్వలుగా లెక్కించాను. సరిచూడటానికి వెల్డింగ్ షాపు నేల ధూళిని తెచ్చి పక్కనే పెట్టి పోల్చాను. 19 పారదర్శకంగా, బూడిద రంగులో ఉన్న గాజు గుండ్లు, ఇనుము కలిసిన బొగ్గు బూడిదవి కావచ్చు. కాజీపేట జంక్షన్ దగ్గరే కాబట్టి రైలు చక్రాల, బ్రేకుల పొడి కూడా ఉంటుందని పట్టాల పక్క రోడ్డు ధూళిని తెచ్చి చూశాను. అందులో గుండ్ల కన్నా రేకుల్లాంటి ముక్కలే ఎక్కువ. 3 గరుకుగా, ముద్దగా ఉండి ఏ కోవలోకీ రాలేదు. మిగిలిన 3ను అభ్యర్థులుగా ఉంచాను.

వాటిలో రెండు, శుభ్రం చేసి మళ్ళీ చూస్తే, తుప్పు పట్టిన వెల్డింగ్ గుండ్లే. మూడోది 0.24 మిల్లీమీటర్లు. పూర్తి గుండు కాదు, కాస్త కోడిగుడ్డు వాటం. ముదురు బూడిద రంగు. ఒకవైపు వెలుగు వాలితే, దువ్వెన పళ్ళలా సమాంతరంగా సన్నని గీతలు ఒక దిక్కుకు పోయి, మధ్యలో మరో కోణానికి తిరిగాయి. వేగంగా చల్లబడిన ఒలివిన్ అనే ఖనిజపు స్ఫటికాలకు ఉండే ఆకృతి అది. వెల్డింగ్ గుండ్లలో నేను చూసిన వందలలో ఒక్కదానికీ లేదు. ఆ రాత్రి దాన్ని ఎన్నిసార్లు చూశానో రాసుకోలేదు.

చూపు మీద ఆధారపడి పేరు పెట్టడం కుదరదు. ఇనుము, మెగ్నీషియం, సిలికాన్, నికెల్ పాళ్ళు చూపే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడితేనే తేలుతుంది. దాన్ని గాజు పలక మీద రెండు గీతల మధ్య అతికించి, దాని చుట్టూ ఎర్ర సిరాతో వృత్తం గీసి, నాలుగు దిక్కుల ఫొటోలు తీసి ఉంచాను.

మొత్తం ఖర్చు: 3,860 రూపాయలు (సూక్ష్మదర్శిని 1,900, జల్లెడ, నైలాన్ గుడ్డ, బకెట్ 240). గుండ్లు 96, అభ్యర్థి 1, నిర్ధారణ 0.

ఇప్పటి స్థితి

40వ రాయిని, ఆవాల తూకం కాగితాలతో సహా, హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంత కార్యాలయానికి తీసుకువెళ్ళడానికి గట్టి డబ్బాలో, వేరే లోహం తగలకుండా, పొడి గుడ్డలో చుట్టి పెట్టాను. డాబా తూముకు నైలాన్ గుడ్డ సంచి కట్టాను. మొదటి పెద్ద వానకు అది ఆకులతో మూసుకుపోయి నీళ్ళు నిలిచాయి. ఇప్పుడు తూము నోటి దగ్గర కొబ్బరి పీచు, దాని తర్వాత పెద్ద కన్నాల వల, దాని తర్వాత గుడ్డ అమర్చాను. వారానికొకసారి పీచు దులపాలి. సంచిలో మొదటి వారం చేరిన మడ్డి, ఎండాక, 212 గ్రాములు.